రెండు ట్రేలూ కలిసిపోయిన రోజు

నేను చేసిన ఉద్యోగమేమిటో మా బంధువులకు చివరిదాకా అర్థం కాలేదు. రాజంపేటలో మా చిన్నాయన అయితే, "మా పాప కర్నూల్లో ఇనుముకు రంగులేసే కంపెనీలో ఉండాది" అని అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెప్పేవాడు. రెండు మూడు సార్లు సరిదిద్ది వదిలేశాను. మేం చూసేది ఇనుము కాదు, వేసేది రంగూ కాదు. అయినా ఆయన మాట మరీ అంత తప్పని చెప్పలేను. లోహం మీద ఏదో ఒకటి చేసి, అది వేడికి పాడుకాకుండా చూడటమే మా పని.

రిటైరయ్యాక ఈ రంగంలోకి కొత్తగా వచ్చిన పిల్లలు అప్పుడప్పుడూ ఫోన్ చేసి అనుభవాలు చెప్పమంటారు. పుస్తకాల్లో ఉన్నది మీకు నాకంటే బాగా తెలుసు. అందుకని ఒకే ఒక పరీక్ష గురించి చెబుతాను. అది సరిగ్గా జరగలేదు. సరిగ్గా జరిగి ఉంటే ఇప్పుడు చెప్పడానికి ఏమీ ఉండేది కాదు.

పని సంగతి కొంచెం చెప్పక తప్పదు. చిన్న ఇంజిన్లలో వేడిగాలి ధాటికి తిరిగే రెక్కలుంటాయి. బ్లేడ్లంటాం. అవి ఎంత తేలికైతే ఇంజినుకు అంత మేలు. అందుకని టైటానియం, అల్యూమినియం దాదాపు సగం సగం కలిపి పోతపోసిన లోహంతో వాటిని చేస్తారు. చూపుడు వేలంత బ్లేడును అరచేతిలో పెడితే ఇది లోహమేనా అని అనుమానం వస్తుంది, అంత తేలిక. దాంతో చిక్కేమిటంటే, ఒక హద్దు దాటి కాగితే గాలిలోని ఆక్సిజన్ దాన్ని తినేస్తుంది. టైటానియం ముందు ఎగబడి ఆక్సిజన్‌తో కలుస్తుంది. పసుపు తెలుపు పొక్కులు లేస్తాయి. పొక్కు రాలితే కింద కొత్త లోహం బయటపడుతుంది, అదీ పొక్కుతుంది. అల్యూమినియం అట్లా కాదు. దాని ఆక్సైడు పలచగా, సందు లేకుండా అతుక్కుని, ఆక్సిజన్‌ను ఇంక లోపలికి పోనివ్వదు. కాబట్టి ఈ లోహాన్ని కాపాడటమంటే పైన అల్యూమినియం పొర ముందుగా ఏర్పడేలా చూడటమే.

అందుకు మా కాలంలో రెండు దారులుండేవి. బ్లేడును అల్యూమినియం కలిపిన పొడిలో పాతిపెట్టి కాల్చి, పైన మందంగా పూత పట్టించడం ఒకటి. ఆ పూత కంటికి కనపడుతుంది. రెండోది, ఫ్లోరిన్ ఆవిరి కొద్దిగా పట్టించడం. ఫ్లోరిన్ తానుగా పూత కాదు. బ్లేడు కాగినప్పుడు లోపలున్న అల్యూమినియమే ముందుగా పైకి వచ్చి పొరకట్టేలా చేస్తుంది. ఇది చేసిన బ్లేడుకూ చెయ్యని బ్లేడుకూ చూపులో ఏ తేడా ఉండదు. బరువులోనూ ఉండదు.

మా పూతల విభాగం పెద్ద ఈ రెండో దారి మనిషి. కోడుమూరు దగ్గర మెట్ట సేద్యం చేసుకునే ఇంట్లో పుట్టి, లోహశాస్త్రం చదివి, దేశంలో చాలా ఊళ్లు తిరిగి, నడివయసు దాటాక కర్నూలు చేరినాయన. మేమంతా సార్ అనేవాళ్లం. మందం పూత పేరెత్తితే చాలు ఆయనకు మాట పెరిగేది. "అది పింగాణీ గిన్నెకు ఇంకో పింగాణీ గిన్నె తొడిగినట్టమ్మా. కాగితే సాగదు, చల్లారితే చీలిక పడి పెట్లుతాది" అనేవాడు. నేను తనిఖీ విభాగంలో ఉండటం వల్ల ఆ మాట నాకు మిగతావాళ్లకంటే ఎక్కువసార్లు వినే భాగ్యం కలిగింది.

మా యజమాని వేరే రకం మనిషి. కర్నూలు పాతబస్తీలో ఇత్తడి, స్టీలు సామాన్ల అంగడి నడిపిన వర్తకుల కుటుంబం. ధైర్యం చేసి ఈ షెడ్డు పెట్టాడు. మంచివాడే, కానీ సారు పని ఆయనకు మింగుడుపడేది కాదు.

"కనపడనిదాన్ని ఎట్ల అమ్మల్ల సార్? మా నాయన బిందెలమ్మినాడు. జనం తడిమి చూసి, కొట్టి చూసి, మోగితేనే తీసుకుంటారు."

"బిందెలో నీళ్లు పోసుకుంటారప్పా. దీన్ని నిప్పుల్లో పెడతారు" అనేవాడు సారు.

"అయినా కొంచెం మెరిస్తే ఏం పోతాది?"

ఈ సంభాషణ నెలకొకసారైనా జరిగేది. ఎవరూ ఎవరినీ ఒప్పించలేదు.

ఇట్లాంటి రోజుల్లో బెంగళూరు నుంచి ఒక ఇంజినీరు వచ్చాడు. చిన్న ఇంజిన్లు తయారుచేసే కంపెనీ ఆయనది. సారుకంటే బాగా చిన్నవాడు. తెలుగు బాగానే మాట్లాడేవాడు, మధ్యలో కన్నడం దొర్లేది. వచ్చిన రోజే మొహమాటం లేకుండా చెప్పేశాడు.

"సార్, నాకు మందం పూత మీదే నమ్మకం. మీది కూడా ఒకసారి చూడమని మా పైవాళ్లు పంపితే వచ్చినాను."

"చూడప్పా. చూసినంక మాట్లాడుకుందాం" అన్నాడు సారు.

ఆయన తెచ్చినవి రెండు డజన్ల బ్లేడ్లు. వాటిని పోతపోయించి, చెక్కించి తెచ్చుకోవడానికి ఆ కంపెనీకి చాలాకాలం పట్టింది. చెడిపోతే ఇప్పట్లో మళ్లీ దొరికే మాట లేదు. ఒక డజనుకు మేం ఫ్లోరిన్ పట్టించాలి. రెండో డజనులో రెండు మూడు అట్లాగే వట్టివిగా పరీక్షకు పెట్టాలి, తేడా తెలియడానికి. మిగతావి మందం పూత వేసే ఇంకో ఊరి కంపెనీకి పోవాలి. ఆ తర్వాత ఆ ఇంజిన్‌కు ఏ దారి పట్టాలో నిర్ణయిస్తారు. మా పనులు అప్పటికే సన్నగిల్లి ఉన్నాయి. ఈ ఆర్డరు రాకపోతే పూతల విభాగం మూసేయక తప్పదని యజమాని సారుతో చెప్పాడని మాకందరికీ తెలుసు. సారు మాత్రం మాతో అనలేదు.

బ్లేడ్ల మీద గీతలు, అంకెలు చెక్కకూడదని కంపెనీ షరతు. గీత పడినచోట పగులు మొదలవుతుందని వాళ్ల భయం, అది న్యాయమైన భయమే. అందుకని తీగతో చీటీలు కట్టి ఉంచాం. ఫర్నేసులోకి పోయేముందు చీటీలు తీసేసి, ఫ్లోరిన్ పట్టించినవి ఒక ట్రేలో, ఇంకో కంపెనీకి పోవాల్సినవాటితో సహా వట్టివన్నీ ఇంకో ట్రేలో సర్దాం, పరీక్షకు కావాల్సిన రెండు మూడూ ఫర్నేసు దగ్గరే ఏరుకోవచ్చని. ట్రేల మీద మాత్రం పేర్లు రాసి ఉన్నాయి.

ఆ రోజు పొద్దున యజమాని కొబ్బరికాయ, కుంకుమ, సాంబ్రాణి కడ్డీలతో వచ్చాడు. సారు కుంకుమ పొట్లం చూసి అడ్డం నిలబడ్డాడు.

"ఫర్నేసు తలుపుకు పెట్టుకోప్పా. బ్లేడ్ల పక్కకు తేవద్దు."

"సరే సార్, మీరెట్ల చెప్తే అట్ల" అని ఆయన తలుపుకే పెట్టాడు. తర్వాత, ఈ శుభకార్యం తన చేతుల మీదుగా జరగాలని ట్రాలీ పిడి తాను పట్టుకున్నాడు. ఫర్నేసు నడిపే మా భాయ్, ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీలో సున్నపురాయి కాల్చే కిల్న్ దగ్గర చాలాకాలం పనిచేసి వచ్చినవాడు, "సేట్, మెల్లగా, ఈడ పట్టా ఉంది" అంటూనే ఉన్నాడు. ఫర్నేసు తలుపు జరిగే ఇనుప పట్టా నేలకంటే కొంచెం ఎత్తు. ట్రాలీ ముందు చక్రం దానికి తగిలి ఆగింది. ట్రేలు ఆగలేదు.

ఆ లోహం పింగాణీ లాంటిది, కింద పడితే విరుగుతుంది. అక్కడ మందపాటి రబ్బరు పరుపు ఉండటం మా అదృష్టం. రెండు డజన్ల బ్లేడ్లూ ఆ పరుపు మీద గుప్పెడు శనక్కాయల్లా చెల్లాచెదురయ్యాయి.

"ఎవరూ ముట్టుకోవద్దండి!" అని సారు అరిచాడు. ఆయన అరవగా నేను విన్నది అదొక్కసారే. కానీ అప్పటికే బెంగళూరు ఇంజినీరు వంగి తన కాళ్ల దగ్గర పడిన బ్లేడొకటి ఎత్తేశాడు. ఎవరి సామాను కింద పడినా మనం చేసే పనే అది. పాపం, అరుపు విని దాన్ని అట్లాగే పట్టుకుని నిలబడిపోయాడు. నేను గ్లవ్స్ వేసుకున్న చేతితో దాన్ని అందుకున్నాను. మిగతావన్నీ గ్లవ్స్‌తోనే ఏరాం. భూతద్దంతో ఒక్కొక్కటీ చూశాను. ఏదీ విరగలేదు, పెట్లలేదు.

విరగలేదన్న సంతోషం ఎంతోసేపు నిలవలేదు. ఏది ఏదో తెలిసే దారి లేదు.

ట్రాలీ పిడి ఇంకా యజమాని చేతిలోనే ఉంది. అదే పని ఇంకెవరైనా చేసి ఉంటే ఏమయ్యేదో గాని, చేసింది ఆయనే కావడంతో తిట్టేవాళ్లు లేకుండాపోయారు. ఆయన గొంతు తగ్గించి సారును అడిగాడు.

"చూపులో ఏమన్నా పసిగట్టచ్చేమో చూడండి సార్. మీకు అలవాటు కదా."

"అలవాటున్నా కనపడదప్పా. కనపడదనే కదా నువ్వు నాతో ఇన్నాళ్లూ కొట్లాడతాండేది."

హైదరాబాదులో ఒక లాబుకు పంపిస్తే యంత్రంలో పెట్టి ఫ్లోరిన్ ఉందో లేదో చెబుతారు. అక్కడ మన వంతు రావడానికి శానా రోజులు పడుతుందని నాకు తెలుసు. ఇంజినీరు అన్నాళ్లు కర్నూల్లో కూర్చోలేడు. ఆయన సెలవు తీసుకుని వెళ్లిపోవచ్చు. పోతే మా విభాగం కథ అక్కడికి సరి.

సారు ఒక స్టూలు మీద కూర్చుని, కలిసిపోయిన బ్లేడ్లనే చూశాడు. తర్వాత లేచి ఇంజినీరు దగ్గరికి వెళ్లాడు.

"అన్నిటినీ ఫర్నేసులో పెడదాం."

"అన్నీనా? వట్టివి కాలిపోతాయి సార్. అవి ఇంకో కంపెనీకి ఇవ్వాల్సినవి."

"కాలిపోతాయి. నా పని సరిగ్గా ఉంటే ఒక డజను కాలుతాయి, ఒక డజను మిగుల్తాయి. ఏది ఏదో నాకూ తెలీదు, నీకూ తెలీదు. నేను మోసం చేయాలనుకున్నా చేయలేను. ఇంతకంటే మంచి పరీక్ష నీకు యాడా దొరకదు."

ఇంజినీరు బయటికి పోయి ఫోన్లో మాట్లాడాడు. గాజు తలుపు అవతల ఎండలో అటూ ఇటూ తిరగడం మాకు కనపడుతూనే ఉంది. లోపలికి వచ్చి ఒకే మాట చెప్పాడు.

"మా పైవాళ్లు ఒప్పుకున్నారు. కానీ సార్, డజనుకు డజనూ బతకాలి. ఒక్కటి తగ్గినా ఇంక ఈ మాట ఎత్తకూడదు."

"ఎత్తను" అన్నాడు సారు.

బ్లేడ్లకు అంటిన దుమ్ము, జిడ్డు పోవాలని స్పిరిట్‌తో తుడిచాం. నీళ్లతో కడగాలా వద్దా అని కొంచెం చర్చ జరిగింది. నీళ్లు తగిలితే పట్టించిన ఫ్లోరిన్ ఏమవుతుందోనని సారే వద్దన్నాడు. ఫర్నేసు తలుపు మూశారు.

పరీక్ష వారం పైగా నడిచింది. తొమ్మిది వందల డిగ్రీలకు కాల్చడం, బయటికి లాగి చల్లార్చడం, మళ్లీ కాల్చడం, మళ్లీ చల్లార్చడం. ఇంజిన్లో అట్లాగే జరుగుతుంది కాబట్టి మేమూ అట్లాగే చేయాలి. చల్లార్చేటప్పుడు ట్రే మీద మూత ఉండేది. ఆఖరి రోజుదాకా తెరవకూడదని సారూ ఇంజినీరూ అనుకున్నారు.

ఇంజినీరు లాడ్జిలో దిగి రోజూ షెడ్డుకు వచ్చేవాడు. చేసే పని లేక సారు ఎదురుగా కూర్చునేవాడు. మందం పూత మేలా, ఇది మేలా అని ఇద్దరూ పొద్దస్తమానం వాదించుకునేవాళ్లు. మధ్యాహ్నం సారు ఇంటినుంచి వచ్చిన సంగటి, శనక్కాయల ఊరిబిండి పచ్చడి ఇద్దరూ పంచుకుని తినేవాళ్లు, తింటూ మళ్లీ వాదన. ఒకరోజు భాయ్ నాతో అన్నాడు.

"మేడం, వీళ్లిద్దరూ ఒకరినొకరు మెచ్చుకుంటాండారా, తిట్టుకుంటాండారా? నాకు సమఝ్ కాల్యా."

నాకూ అర్థం కాలేదు.

యజమాని మాత్రం ఆ వారమంతా ఫర్నేసు గదిలోకి అడుగు పెట్టలేదు. తలుపు దగ్గరికి వచ్చి, "ఏమ్మా, ఎట్లుండాది?" అని నన్నడిగి, నా జవాబు వినకుండానే వెళ్లిపోయేవాడు.

మూత తెరిచిన రోజు అందరం ఆ ట్రే చుట్టూ నిలబడ్డాం. చూడగానే సగం సంగతి తెలిసిపోయింది. కొన్ని బ్లేడ్లు పసుపు తెలుపు పొక్కులతో, గోడకు వేసిన సున్నం పెచ్చులూడినట్టు ఉన్నాయి. కదిలిస్తే రాలుతున్నాయి. కొన్ని మాత్రం బూడిదరంగులో నున్నగా, ఫర్నేసులోకి పోనట్టే ఉన్నాయి. ఈ రెండు రకాల మధ్య పోలికే లేదు. యజమాని నోరు తెరిచి చూస్తూ, "కనపడతాండాది సార్, ఇప్పుడు కనపడతాండాది!" అన్నాడు.

ఏరి వేరుచేయడం నా పని. ఇంజినీరు పక్కనే నిలబడి లెక్కపెడుతున్నాడు. నున్నటివి పదకొండు వచ్చాయి. పొక్కినవి కూడా అటు పెట్టేశాక ఒకటి మిగిలింది. దాన్ని ఏ వైపు పెట్టాలో తెలియక చేతిలోనే ఉంచుకున్నాను. ముప్పావు భాగం నున్నగా ఉంది. ఒక పక్క మాత్రం పొక్కు లేచింది, అక్కడ లోహం గుంటపడింది.

"ఇది?" అన్నాడు ఇంజినీరు.

"పట్టించిందే" అన్నాడు సారు. ఆయన గొంతులో ఏ మార్పూ లేదు. "పట్టించిందే, కానీ పోయింది. మాట ప్రకారం ఒకటి తగ్గింది."

నేను దాన్ని భూతద్దం కిందికి తీసుకెళ్లాను. పొక్కు గుండ్రంగా, కోలగా ఉంది. నడుమ అంతా చెదిరిపోయింది గాని, అంచుల్లో సన్నటి గీతలు వంపు తిరిగి పక్కపక్కనే పోతున్నాయి. అట్లాంటి గీతలు ఆక్సైడులో వాటంతటవి రావు. నేను రెండుసార్లు చూసి తలెత్తాను.

"ఇది వేలిముద్ర సార్."

చెమటలో ఉప్పుంటుంది. ఈ లోహానికి వేడిలో ఉప్పు తగిలితే, పైన ఎంత మంచి పొర కట్టినా దాన్ని తొలుచుకుని పోతుంది. స్పిరిట్‌తో తుడిస్తే జిడ్డు పోతుంది, ఉప్పు పోదు. నీళ్లతో కడిగి ఉంటే పోయేది.

వేలిముద్ర ఎవరిదన్నది నేను చెప్పలేదు. చెప్పాల్సిన పని కూడా లేదు. ఆ రోజు గ్లవ్స్ లేకుండా బ్లేడును ముట్టుకున్నది ఒక్కరే, అది అందరం చూశాం. ఆయన మొహం వంక మాత్రం ఎవరూ చూడలేదు. భాయ్ ఫర్నేసు మీటరు కేసి చూస్తున్నాడు. యజమాని తన చెప్పుల కేసి చూస్తున్నాడు. సారు ఆ బ్లేడు తప్ప ఇంకేమీ చూడటం లేదు.

ఇంజినీరు నా పక్కకొచ్చి భూతద్దంలోకి వంగాడు. చాలాసేపు వంగే ఉన్నాడు. తర్వాత తన కుడిచేతి బొటనవేలు చూసుకుని, "హౌదు, అవును. నాదే" అన్నాడు.

యజమాని ఒక్కసారిగా ఊపిరి పీల్చుకున్నాడు.

"అట్లయితే మా తప్పేం లేదు కదా సార్! డజనుకు డజనూ బతికినట్టే కదా!"

"మీ తప్పు లేదు. పదకొండు బతికినాయి, పన్నెండోది నేను చంపినాను. అదే రాసి సంతకం పెడతాను." ఆయన సారు వైపు తిరిగాడు. "కానీ సార్, రేపు ఈ ఇంజిన్ విప్పి బిగించే మెకానిక్కులు నా కంటే జాగ్రత్తగా ఉంటారా? ఎండలో, చెమటతో, చేతికి ఏదుంటే దానితో పట్టుకుంటారు. ఒక వేలు తగిలితే చచ్చే బ్లేడును నేను ఇంజిన్లో పెట్టలేను."

యజమాని ఏదో అనబోయాడు. సారు చెయ్యి ఎత్తి ఆపాడు.

"ఆయన చెప్పేది నిజమప్పా."

అంతే అన్నాడు. ఆ బ్లేడును నా చేతిలోంచి తీసుకుని తన గదిలోకి పోయి తలుపు వేసుకున్నాడు.

పిల్లలూ, మీ ఉద్యోగాల్లో మీ పనిని వ్యతిరేకించేవాళ్లు చాలామంది తగులుతారు. వాళ్లలో తన వేలిని తానే పట్టిచ్చి, ఆ వెంటనే మీ లోపాన్ని కూడా పట్టిచ్చేవాడు దొరకడం అరుదు. ఆ రోజు నాకు ఆయన మీద కోపమే వచ్చింది. తన తప్పు ఒప్పుకున్న మనిషి కొంచెం మెత్తబడి మా పక్షం మాట్లాడతాడని ఆశపడ్డాను. ఒప్పుకోవడం వేరు, మెత్తబడటం వేరు అని తర్వాత తెలిసింది.

సాయంత్రం ఆయన్ను బస్టాండులో దించడానికి యజమాని కారు పంపాడు. పోయేముందు ఆయన సారు తలుపు తట్టాడు.

"ఉప్పుకు ఏదైనా దారి దొరికితే చెప్పండి సార్. బ్లేడ్లు మళ్లీ పోతపోయించాలి, మా నిర్ణయానికి ఇంకా కొన్ని నెలల టైముంది."

"ఈ మాట ఎత్తకూడదని పందెం కదప్పా."

"పన్నెండోది నాది కదా సార్. పందెం చెల్లదు."

ఆ తర్వాత నెలలన్నీ సారు ఉప్పుతోనే గడిపాడు. చేతనైనవన్నీ చేసి చూశాడు. ఫ్లోరిన్ ఒక్కటే ఉంటే ఉప్పును ఆపదు, అంతవరకూ తేలిపోయింది. పైన ఇంకేదో ఒకటి కప్పాలి. ఇన్నాళ్లూ పూత వద్దని పోట్లాడిన మనిషి, చివరికి ఫ్లోరిన్ పట్టించిన బ్లేడు మీద గాజులాంటి పలచటి పొరొకటి వేయక తప్పలేదు. వెలుతురులో పక్కకు వంచితే అది కొంచెం మెరిసేది. యజమాని దాన్ని చూసి సంతోషపడి ఏదో అనబోతే నేను సైగ చేసి ఆపాను.

కొత్తగా పోతపోయించిన బ్లేడ్లు ముందే పంపి, మండు వేసవిలో ఇంజినీరు మళ్లీ వచ్చాడు. ఈసారి ఏ ట్రేలూ పడలేదు. ట్రాలీ భాయ్ ఒక్కడే తోశాడు. ఫర్నేసులో పెట్టేముందు ఇంజినీరు నుదుటి చెమట బొటనవేలితో తుడుచుకుని, కావాలనే కొన్ని బ్లేడ్ల మీద గట్టిగా అద్దాడు. సారు వాటిని అట్లాగే ట్రేలో సర్దాడు. పరీక్ష ముగిశాక ఎన్ని పెట్టామో అన్నీ నున్నగానే బయటికి వచ్చాయి. ఇంజినీరు సారుకు చెయ్యిచ్చి, "ఇంజిన్లో పెడదాం సార్" అన్నాడు.

ఇంజిన్లో పెట్టడమంటే అసలు పరీక్ష అదే. కొన్ని నెలల తర్వాత సారునూ నన్నూ బెంగళూరు పిలిచారు. అంతకుముందే ఇంజిన్ను చాలా రోజులు నడిపి ఆపి, ఆ రోజు మా ముందర విప్పారు. మావి సగం, మందం పూత వేసినవి సగం, ఒకే చక్రానికి ఒకదాని పక్కన ఒకటి బిగించి నడిపించారని అక్కడికి పోయేదాకా మాకు తెలియదు. ఆ ఇంకో కంపెనీ మనుషులు కూడా వచ్చారు. వాళ్లు గోడవారన, మేం కిటికీవారన కూర్చున్నాం. పెళ్లిచూపుల్లో రెండు వైపులవాళ్లలా ఎవరి కాఫీ వాళ్లు తాగాం.

బ్లేడ్లన్నీ బల్ల మీద పరిచారు. ముందు మావి చూశారు. బాగున్నాయి. ఒక్కదానికీ పొక్కు లేదు. తర్వాత వాళ్లవి. ఇంజినీరు, "సార్, మీరే చూసి చెప్పండి" అని భూతద్దం సారు చేతికిచ్చాడు. ఇన్నాళ్లూ ఆ పూత పెట్లుతుందని అందరికంటే ఎక్కువ చెప్పింది ఆయనే కదా.

సారు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఒక్కో బ్లేడునూ తిప్పి తిప్పి చూశాడు. అంచులు చూశాడు, మొదలు చూశాడు, వెలుతురుకు ఎత్తి చూశాడు. తొందరపడలేదు. మధ్యలో ఎవరో ఫ్యాన్ వేయబోతే వద్దన్నాడు. గోడవారన కూర్చున్నవాళ్లలో ఒకాయన లేచి నిలబడ్డాడు. నాకు సారు మొహం చూస్తే ఏమీ తెలియలేదు. ఆయన ఎక్కడైనా ఒక చీలిక చూపిస్తే చాలు, ఆర్డరంతా మాదే. చీలికకూ గీతకూ తేడా చెప్పగలిగినవాళ్లు ఆ గదిలో ఇద్దరో ముగ్గురో ఉంటారు.

ఆఖరి బ్లేడు బల్ల మీద పెట్టి ఆయన భూతద్దం పక్కన పెట్టాడు.

"ఇవీ బాగుండాయి" అన్నాడు. తర్వాత గోడవారన ఉన్నవాళ్లకేసి తిరిగి, "ఎంత మందం వేసినారప్పా? తగ్గించినారు కదా?" అని అడిగాడు.

వాళ్లు తగ్గించామన్నారు. మొదట్లో వేసినదానిలో సగం కూడా లేదట. సారు తల ఊపాడు. ఆ తర్వాత సాయంత్రందాకా ఆయన వాళ్లతోనే కూర్చుని ఆ పొడి ఎట్లా కలుపుతారో, బ్లేడ్లను పాతిపెట్టే పెట్టె ఎట్లా మూస్తారో అడుగుతూనే ఉన్నాడు. ఇంజినీరు నా దగ్గరికి వచ్చి, "మీ సారు నన్ను కూడా ఇన్ని ప్రశ్నలు అడగలేదు" అన్నాడు.

ఆర్డరు ఇద్దరికీ చెరిసగమైంది. యజమాని ఫోన్లో విని, సగమైనా వచ్చిందని సంతోషించాలో, సగమే వచ్చిందని బాధపడాలో తెలియక కొంచెంసేపు రెండూ చేశాడు. పూతల విభాగం మాత్రం మూతపడలేదు. నేను రిటైరయ్యేదాకా అక్కడే పనిచేశాను.

బెంగళూరు నుంచి రైల్లో తిరిగి వస్తున్నాం. అనంతపురం దాటేదాకా సారు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. ఎండిన చేలు, అక్కడక్కడా గాలిమరలు. ఏదో బాధపడుతున్నాడేమోనని నేనూ కదిలించలేదు. గుత్తి దగ్గర టీ వస్తే రెండు తీసుకున్నాను. ఆయన కప్పు అందుకుని అన్నాడు.

"మందం పూత మీద ఇన్నేండ్లు నేను అన్న మాటలుండాయి కదమ్మా. వాటిలో కొన్ని తప్పు."

నేనేమీ అనకుండా ఉంటే బాగుండేది. కానీ ఆ మాటలన్నీ విన్నదాన్ని నేనే కదా, ఉండబట్టలేకపోయాను.

"ఎన్ని సార్?"

ఆయన టీ ఊదుకుని ఒక గుక్క తాగాడు. చాలా నిజాయితీగా ఆలోచించాడు.

"శానా లేవులేమ్మా" అన్నాడు.